దండుకు పోయిన మా నాన్న

నగర్తపేటలో గుండీలు, లేసులు అమ్మే మా నాన్న వెంకటరాయప్ప ఊరు దాటితే కోలారు, లేదంటే తిరుపతి. అయినా 2003లో అమెరికా ఇరాక్ మీదికి పోయినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. "పరాయి దేశం మీదికి ఎప్పుడు పోవచ్చప్పా?" అని అంగడికొచ్చిన ప్రతివాళ్ళనూ పట్టుకునేవాడు. జాకెట్టు హుక్కులకొచ్చిన ముసలమ్మను కూడా వదల్లేదు, మహానుభావుడు.

ఆయన తీర్పు ఆయనకుంది. "మనింటి మీదికొస్తే కొట్లాడల్ల. పక్కింట్లో పీకలు కోస్తా ఉంటే, వాళ్ళు కేకేస్తే పోవల్ల. వట్టి అనుమానంతో పోకూడదు."

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ప్రేమించిన లలిత్ నన్నిమ్మని అడగడానికి వచ్చాడు. విజయవాడ కుర్రాడు, కంప్యూటర్ ఉద్యోగం. నాన్న కాఫీ ఇచ్చి, కులగోత్రాలు వదిలేసి, యుద్ధం గురించి అడిగాడు. ఈ తెలివిగలవాడు, "వాడు కొట్టేదాకా ఆగితే ఎలాగండీ? అనుమానం రాగానే మనమే ముందు కొట్టాలి" అన్నాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

అతను వెళ్ళాక నాన్న, "అనుమానంతో కొట్టేవాడు రేపు నిన్ను కొట్టడా?" అన్నాడు. నవ్వులాటకు అనలేదు.

ఏడ్చాను, అన్నం మానేశాను, లేసు చుట్టలన్నీ చిక్కులు చేశాను. చివరికి ఆదివారం, "వాడెట్లాంటోడో కండ్లారా చూసొద్దాం పా" అని నన్ను వెంటబెట్టుకుని లలిత్ గదికి బయలుదేరాడు. ఆ గది కంటోన్మెంటులో ఉంది. ఒకప్పుడు తెల్లదొరల పటాలం ఉండిన చోటు కాబట్టి మా పాతపేటల వాళ్ళకు అది ఎప్పటికీ 'దండు'.

మేం వెళ్ళేసరికి లలిత్ క్రికెట్ ఆడటానికి పోయాడు. ఇంటావిడ ఛాయాదేవి మమ్మల్ని అతని గదిలోనే కూర్చోబెట్టింది. అక్కడ మైదానం నుంచి అతను, నాన్నను బతిమాలుకుందామని మా ఇంటికి ఫోన్ చేశాడట. మా అత్త మారెమ్మ ఎత్తి, "మా అన్న దండుకు పోయుండాడప్పా, నీ కాడికే" అంది. విజయవాడ చెవికి అదెలా వినబడాలి? మామ మనుషులనేసుకుని తన మీదికి దండెత్తి వస్తున్నాడని వినబడింది.

ఇంకేముంది, జట్టు జట్టంతా బ్యాట్లు, వికెట్లు పట్టుకుని మేడమెట్లెక్కింది. తలుపు తోసేసరికి మా నాన్న ఛాయాదేవి పెట్టిన బియ్యప్పిండి చెక్క, మా భాషలో నిప్పట్టు, నములుతున్నాడు.

"మీ మనుషులేరండీ?" అన్నాడు లలిత్ ఒగరుస్తూ.

"ఏం మనుషులప్పా?"

"దండుకు పోయారని మీ చెల్లెలుగారే చెప్పారు."

నాన్న నమలడం ఆపాడు. "దండు అంటే నువ్వు కాపురముండే ఈ పేటే కదప్పా" అంటూనే నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ కిర్రుమంది, పొలమారింది, నేను వీపు తడుతూ నేనూ నవ్వాను. బ్యాట్లు పట్టుకున్నవాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వారు. లలిత్ ఒక్కడే బిక్కముఖం వేసుకుని నిలబడ్డాడు.

నవ్వు తగ్గాక నాన్న కళ్ళు తుడుచుకుని అతన్ని నిదానంగా చూశాడు. "మళ్ళా అడుగుతా ఉండాను. పరాయి దేశం మీదికి ఎప్పుడు పోవచ్చు?"

ఈసారి తప్పు చెబితే నా పెళ్ళి గంగలో కలిసినట్టే.

లలిత్ బ్యాటు గోడకు ఆనించాడు. "ముందు వాళ్ళ భాష నేర్చుకోవాలండీ. నేర్చుకున్నాక ఇక పోవాలనిపించదేమో."

నాన్న నిప్పట్ల పళ్ళెం అతని వైపు జరిపాడు.

"మా మారెమ్మ నేర్పిస్తుంది, ఇంటికి రా. ముహూర్తం లోపల మా భాష నీకు వచ్చేస్తే సాలు."