మెలిక గాడి

సికింద్రాబాద్‌లో, పేరుకు తగ్గట్టు కార్ఖానా అనే పేటలోనే మా వర్క్‌షాపు. ఉక్కుకు చిల్లులు వేసే డ్రిల్లు ఒంటిమీద మెలి తిరుగుతూ పైకి పాకే గాడి ఉంటుందే, దాన్ని కంప్యూటర్లో గీయడం నా పని. గీస్తే సరిపోదు. ఆ గాడిని కోసే గ్రైండింగ్ వీల్‌కు, అంటే సానచక్రానికి, అంచు ఏ ఆకారంలో ఉండాలో కూడా నేనే చెప్పాలి. మొదటిసారి ఎంతో ధీమాగా గాడి ఆకారాన్నే వీల్‌కు ఇచ్చేశాను. ఇంట్లో జంతికలు వత్తిన చేతులు కదా! బిళ్ళలోని చిల్లుకు ఏ ఆకారముంటే జంతికకూ అదే వస్తుందని నా నమ్మకం.

గాడి మరీ వెడల్పుగా తెగి, డ్రిల్లులో ఉక్కు పుల్లంత మిగిలింది.

"గిదేందమ్మా? డ్రిల్లా, అగర్‌బత్తి పుల్లా?" అన్నారు ఓనరు. మిషను నడిపేదీ ఆయనే. "ఇంకొక్కసారి చూస్తా. గది సుత ఖరాబైతే డ్రిల్లులు బయటనే కొంటా. డిజైన్ పని బంద్."

డిజైన్ పని బంద్ అంటే నా ఉద్యోగం బంద్. ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, జంతికల మీద.

జంతిక తిన్నగా దిగుతుంది. ఇక్కడ డ్రిల్లు తిరుగుతూ ముందుకు జరుగుతుంది. వీల్ నడుము వదిలేసిన చోటును దాని పక్క అంచులు వచ్చి గీరేస్తాయి. ఆ గీతలన్నీ కలిసి తొలిచిందే గాడి! అందుకే లెక్కను తిరగేశాను. నాకు కావలసిన గాడిని ఎక్కడా కోసుకుపోకుండా, తాకుతూ మాత్రమే వెళ్ళే వీల్ ఎలా ఉండాలి? తెరమీద ఒక పక్కకు ఒరిగిన సన్నటి వంపు వచ్చింది. గాడికీ దానికీ పోలికే లేదు. కుర్చీలోంచి లేచి గంతేశాను.

"గిది గాడి లెక్క లేనే లేదు కదమ్మా!"

"ఉండకూడదు సార్, అదే కదా!"

ఆయన నమ్మలేదు. అయినా వీల్‌ను నేను చెప్పినట్టే చెక్కి, కొత్త డ్రిల్లు కోశారు. దాన్ని ఉక్కు పలక మీదికి దించుతుంటే వంగి చూశాను. అంతలో ఉక్కు పొట్టు మెరుస్తూ, చుట్టలు చుట్టుకుంటూ, గాడి వెంట జరజరా పైకి వచ్చేసింది. ఎక్కడా ఇరుక్కోలేదు! పలకకు అవతలి వైపు వెలుతురు కనపడింది. నేను అరిచిన అరుపుకు పక్క షాపువాళ్ళు తొంగిచూశారు.

ఓనరు డ్రిల్లును గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది.

"ఇంకో సైజు గీస్తవా?"

ఏ సైజు అని అడగాల్సింది.

"అన్నీ గీస్తాను సార్!" అన్నాను.