వందకూ ఆరుకూ తగువు తీర్చిన తక్కెడ

నేను చదివింది మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి వరకే. మా మేనకోడలి సంగతి రాయడానికి ఆ చదువు చాలు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి, ఉన్న గొప్పలే రాస్తున్నాను. గణాంకశాస్త్రంలో మొదటి ర్యాంకు. చదరంగంలో రెండు కప్పులు. ముప్పై నిండకుండానే విశ్వవిద్యాలయంలో ఉద్యోగం. చిన్నప్పుడు ఎవరి వాటా ఎక్కువో తేల్చి తగువులు తీర్చేది కనుక ఇంట్లో తక్కెడ అంటాం.

పండితులు రాసిన పరిశోధనా వ్యాసాలు లోకానికి ఎంత పనికొచ్చాయో కొలవడం దాని పని. ఒకరి వ్యాసాన్ని తర్వాతివాళ్ళు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కిస్తారు.

నిరుడు కొత్త డైరెక్టరుగారు వచ్చి శాఖలన్నిటికీ వరుస కట్టమన్నారు. అడుగున తేలిన శాఖ తన అంతస్తును వైద్యశాఖకు వదిలెయ్యాలి. తక్కెడ వ్యాసం అచ్చయిన రెండేళ్ళలోపు ఇతరులు దాన్ని పేర్కొన్న ప్రస్తావనలు కూడి, పట్టిక గోడకు అంటించింది. వైద్యం నెత్తిన, గణితం అడుగున. గణితంలో ఉన్నది ఐదుగురే. వాళ్ళ పెద్ద మేడమ్ వచ్చి, పట్టికంతా చదివి, “కూడికలో తప్పేం లేదమ్మా,” అని పుస్తకాలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ మాట మా పిల్లకు ముల్లులా గుచ్చుకుంది. కూడిక సరే, కూడినవేమిటి? రెండు శాఖల వ్యాసాలూ బల్ల మీద పరిచింది. వైద్యుల వ్యాసం చివర ఇతరుల వ్యాసాలు యాభై, అరవై పేర్కొని ఉన్నాయి. గణితంవాళ్ళు పదికి మించి పేర్కొనరు. పైగా వాళ్ళు రాసింది అవతలివాళ్ళకు అర్థమయ్యేసరికే మూడేళ్ళు. రెండేళ్ళకే తలుపేస్తే ఆలస్యంగా వచ్చే చుట్టాలు వీధిలోనే నిలబడరూ?

తన పట్టిక తనే చింపి, తప్పు కొలత కొలిచానని డైరెక్టరుగారికి చెప్పేసింది. ఈసారి ప్రతి వ్యాసాన్నీ అదే విద్యలో, అదే ఏడాది, లోకమంతటా వచ్చిన వ్యాసాల సగటుతో పోల్చింది. గణితం వైద్యాన్ని దాటి పైకొచ్చింది. సమావేశంలో వైద్యశాఖ పెద్దాయన ముక్కున వేలేసుకున్నాడు.

“వందకన్నా ఆరు పెద్దదా అమ్మాయ్? ఏ బడిలో చెప్పారు?”

“మీ విద్యలో వ్యాసానికి సగటు ఎనభై ప్రస్తావనలు సార్, మీకు వందొచ్చాయి. వాళ్ళ విద్యలో సగటు మూడు, ఆరొచ్చాయి. మీరు సగటుకి పైనే ఉన్నారు. వాళ్ళు రెట్టింపు ఉన్నారు.”

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. “అంటే చంటిపిల్లాణ్ణి పహిల్వాన్‌తో తూచామన్నమాట.”

“తూచింది నేను సార్,” అంది మా పిల్ల. ఆయనే ముందు నవ్వాడట.

మరి ఇప్పుడు అడుగున ఎవరున్నారని డైరెక్టరుగారు అడిగితే, వరుస కడితే ఎవరో ఒకరు అడుగున ఉండక తప్పదని, గదులు ఖాళీ చేయించడానికి ఈ కొలత పనికిరాదని చెప్పింది. ఆయన పాత గోదాము బాగుచేయించి వైద్యశాఖకు ఇచ్చారు.

మర్నాడు గణితంవాళ్ళు ఐదుగురూ దాని గదికొచ్చారు. కృతజ్ఞతలు చెప్పడానికేమో అనుకుంది పాపం.

“సగటేమిటమ్మా?” అని అందుకుంది పెద్ద మేడమ్. “ఒక్క వ్యాసానికి వెయ్యొచ్చి సగటు ఎగిరిపోతే మిగతావాటి బతుకేం కాను? పైకి రా, చూపిస్తాం.”

తమ అంతస్తుకు తీసుకెళ్ళి, నల్లబల్ల ముందు నిలబెట్టి, సగటుకు బదులుగా అది చెప్పిన మూడు పద్ధతులనూ ముక్కలు చేసి పెట్టారట. జుట్టునిండా సుద్దపొడితో ఇంటికొచ్చింది. మొహం చూస్తే పెళ్ళివారి ఇల్లే. రేపు నాలుగో పద్ధతితో వెళ్తుందట.