గొలుసు కోసం కొన్న గ్లవ్స్

గుడివాడ నుంచి గుడ్లవల్లేరుకి మోపెడ్ మీద వెళ్లి కాలేజీలో కామర్స్ చెప్పే రోజుల్లో, ఆ బండి గొలుసు నా మీద పగబట్టినట్టు సరిగ్గా సగం దారిలో ఊడేది. గ్రీజంటే నాకు ఒళ్లు మంట. క్లాసులో సుద్దముక్క పట్టుకుంటే అదీ నల్లబడేది. చివరికి మందుల షాపుకెళ్లి, వాడి పారేసే రబ్బరు గ్లవ్స్ కొన్నాను. ఆపరేషనాండీ అని అడిగాడు షాపతను. అవునండీ, గొలుసుకి అన్నాను.

ఒకరోజు కాలవగట్టు మీద అవి తొడుక్కుని గొలుసు ఎక్కిస్తుంటే, ఒక పెద్దావిడ పరుగున వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ గేదె ఈనలేక పొద్దుటినుంచీ అవస్థ పడుతోందట. పశువుల డాక్టరుకి కబురంపి రోడ్డు మీద కాచుకుని ఉంది. వచ్చేది కొత్త డాక్టరు, ఆడో మగో కూడా ఆవిడకి తెలియదు. తెలిసిందల్లా గ్లవ్స్ వేసుకునేవాళ్లు డాక్టర్లని.

లెక్చరర్నని మొత్తుకున్నాను. వింటేనా. "అదొక్కటే నాకు ఆధారం డాక్టరమ్మా," అంటూ పాకలోకి లాక్కుపోయింది. గేదె పడుకుని మూలుగుతోంది. దూడ కాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి. డెబిట్టూ క్రెడిట్టూ తప్ప నాకేం తెలుసు?

అంతలో అసలు డాక్టరు గారు బండి నెట్టుకుంటూ వచ్చారు. ఆయన గొలుసూ ఊడిందట, చేతుల నిండా గ్రీజే. "మెకానిక్కులు అవతలుండండి," అని ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నేనే డాక్టర్నని ఆయన, నేను కాదని నేను. ఆవిడ ఇద్దర్నీ నమ్మదు. లోపల గేదె ప్రాణం పోతోంది. నాకు తిక్క రేగి, నా గ్లవ్స్ పీకి పారేసి, బ్యాగులో మిగిలిన కొత్త జత ఆయన చేతులకి తొడిగాను. ఆవిడ టక్కున పక్కకి తప్పుకుని, రండి డాక్టరు గారూ అంది.

ఆయన లోపల పనిలో ఉండగా ఆవిడ నా ఉత్త చేతుల వైపు చూసి, డాక్టరు గారి బండి సంగతి కాస్త చూడమ్మా అని పురమాయించింది. ఏడవలేక నవ్వుతూ కూర్చుని గొలుసు ఎక్కించాను.

దూడ తడబడుతూ లేచి నిలబడింది. గేదె దాన్ని నాకుతుంటే ఆవిడ భోరుమంది, నాకూ కళ్లనీళ్లాగలేదు. తర్వాత కొబ్బరి పీచూ బూడిదా తెచ్చి నా చేతులు తోమింది. నలుపు ఎంతకీ వదలలేదు.

"చేతులిలా పాడుచేసుకుంటారా అమ్మా," అంది జాలిగా. "డాక్టరు గారిలాగా తొడుగులు వేసుకోవాలి."