ఎర్రదారం పొట్లం

దూలగొండి కాయను మంచు తడి ఆరకముందే కోయాలి. ఎండ తగిలిందంటే కాయ మీది నూగు గాలికి లేచి మెడ మీద పడుతుంది. ఇక ఆ పూటంతా ఒళ్లు గోక్కోవడమే పని. చిన్నప్పుడు తండ్రి వెంట పోయి రెండు మూడుసార్లు దద్దుర్లు తెచ్చుకున్నాకే సిద్దిరాములుకు ఈ సంగతి వంటబట్టింది. తడి గోనెపట్టతో కాయను తుంచాలి. బూడిదలో దొర్లించి నూగు రాల్చాలి. గింజల్ని ఆవుపాలలో ఉడికించి ఆ పాలు పారబోయాలి. పొట్టు వలిచి, నీడన ఆరబెట్టి, రోట్లో దంచి, పాతపంచె గుడ్డలో జల్లించాలి. ఎండలో వేస్తే తొందరగా ఆరుతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే ఆయన చేతిలో పని ఆపేవాడు కాదు.

సిద్దిరాములుది రెంజల్ దగ్గరి ఊరు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశాడు. అది మూతపడ్డాక ఊళ్లోనే కౌలుకు వరి వేసుకుంటూ, తండ్రి వదిలిపోయిన సంతానం మందును చేతిలోకి తీసుకున్నాడు. ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుంటే బోధన్ నుంచి, నిజామాబాద్ నుంచి, మహారాష్ట్ర సరిహద్దు అవతలి ఊళ్ల నుంచి మనుషులు వచ్చేవారు. బిడ్డలు పుట్టినవాళ్లు మందు గుణమన్నారు. పుట్టనివాళ్లు మా రాత అన్నారు. ఆయన ఏ మాటకూ తల ఊపలేదు. మందు సరిగ్గా చేయడం వరకే తన పని అనుకున్నాడు.

పొట్లాలు రెండు ఉండేవి. తెల్లదారం కట్టింది ఆడమనిషికి, అందులో పిల్లితీగల గడ్డ పొడి. ఎర్రదారం కట్టింది మగమనిషికి, అందులో దూలగొండి. మగవాడు తినడం ముందు మొదలుపెట్టాలి. విత్తనం చూడకుండా దుక్కిని తిట్టొద్దని తండ్రి అనేవాడు.

తండ్రి పెట్టిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. మందు ఆ ఇంటి పెద్ద ఆడమనిషి చేతికే ఇవ్వాలి. ఎవరు ఏది తినాలో ఆమె చెవిన మాత్రమే వేయాలి. చెట్టు పేరు చెప్పకూడదు, మొగుడూపెళ్లాలతో ఎదురుగా మాట్లాడకూడదు. పిల్లలు లేనివాళ్ల సిగ్గును ఇంటి పెద్ద మోయాలన్నది దాని అర్థం. మంచి అర్థమే. సిద్దిరాములు దాన్ని ఒక్కనాడూ తప్పలేదు.

బోధన్ పక్క ఊరి సుమిత్రమ్మ ఆ కట్టుబాటు ప్రకారమే వచ్చింది. కొడుకు శివకుమార్‌కు పెళ్లయి నాలుగేళ్లు దాటింది, కోడలు సవితకు కడుపు పండలేదు.

"తెల్లదారం కోడలికక్కా. ఎర్రదారం కొడుక్కు. ముంగట ఎర్రదే షురూ చెయ్యాలె" అన్నాడు సిద్దిరాములు.

"తెల్సిందన్నా" అని ఆమె పొట్లాలు కొంగున ముడేసుకుంది.

రెండేళ్ల పాటు వచ్చిపోయింది. వచ్చినప్పుడల్లా ఆయన అడిగేవాడు, "కొడుకు తింటుండా?"

"ఎందుకు తినడన్నా, మంచిగ తింటుండు. దాని ఒంటికే పడ్తలేదు. రాయి లెక్కుంది."

పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒకనాడు, ఆదివారం కాని రోజు, ఒక పిల్ల ఒంటరిగా వాకిట్లోకి వచ్చి నిలబడింది. సవిత. సిద్దిరాములు మొహం పక్కకు తిప్పుకొని, లోపలున్న పెళ్లాం అనసూయమ్మను కేకేశాడు.

"అత్తను తోలుకొని రమ్మని చెప్పు."

"ఎదురుంగనే నిలవడ్డది, నేనేంది చెప్పేది, నీ మాట ఆమెకు ఇనవడ్తనే ఉంది" అంది అనసూయమ్మ నీళ్లచెంబు తెస్తూ.

"అత్త రాదు బాపు" అంది సవిత. "గురువారం పంచాయితీ వెట్టిండ్రు. ఆయనకు ఇంకో పెండ్లి చేస్తరంట, నన్ను పంపిస్తరంట. నేను మందు కోసం రాలే. ఒక్కటి అడగనీకి వచ్చిన. ఎర్రదారం మందు తిన్ననాడే నాకు కడుపుల తిప్పుతది, గుండె దడదడ కొట్టుకుంటది. దానికి పత్యమేమన్న తప్పిన్నా?"

కొంగు ముడి విప్పి మిగిలిన ఎర్రదారం పొట్లం అరుగు మీద పెట్టింది. సిద్దిరాములు వాసన చూశాడు. తను దంచిన పొడే.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన మందు తినే ఆడపిల్లతో నేరుగా మాట్లాడాడు. "గిది నువ్వెందుకు తిన్నవ్ బిడ్డా?"

"అత్త రెండూ పాలల్ల కలిపిస్తది. ఎక్కువ తింటే జల్దిన అయితదని."

"మీ ఆయన?"

"ఆయనెందుకు తింటడు?" సవిత వింతగా చూసింది. "నిజామాబాద్‌ల డాక్టరమ్మ గూడ నాకేం లేదని, ఆయన్ని ఒక్కపారి రమ్మన్నది. మొగోనికేముంటదని అత్త ఒప్పుకోలే."

రెండేళ్లు పాలలో ఉడికించి, పొట్టు వలిచి, గుడ్డలో జల్లించిన పని అంతా ఎవరి కడుపులోకి పోయిందో సిద్దిరాములుకు అర్థమైంది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

గురువారం ఎవరూ పిలవకపోయినా సుమిత్రమ్మ ఊరికి పోయాడు. పాత చెరుకు కాంటా దగ్గరి రేకుల షెడ్డులో జనం కూర్చున్నారు. పెద్దమనిషి ఆత్మారాం కుర్చీలో ఉన్నాడు. సవిత తమ్ముడు నరేష్ ఒక మూల నిలబడ్డాడు.

సిద్దిరాములు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎర్రదారం మందు మగవాడిది. ఆ మాట సుమిత్రమ్మకు చెప్పే ఇచ్చాడు. మగవాడు తినలేదు. తినకుండా, డాక్టరుకు చూపించకుండా పిల్లను గొడ్రాలనొద్దు.

"మొగోనికి మందా?" ఆత్మారాం నవ్వాడు. "ఇగ ఎడ్లకు గూడ పురుడు పోస్తవా సిద్దిరాములన్నా?"

షెడ్డంతా నవ్వింది. సిద్దిరాములు శివకుమార్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బిడ్డా. తిన్నవా?"

శివకుమార్ ఫోన్ మీంచి తల ఎత్తలేదు. "మా అవ్వ ఏదిస్తే గది తిన్న."

"నాకు చెప్పిన అంటుండు గద" అంది సుమిత్రమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ. "ఎవలిన్నరు? ఒక్కల పేరు చెప్పమను."

ఎవరూ వినలేదు. వినకూడదన్నదే కదా కట్టుబాటు.

"సరే తియ్" అన్నాడు ఆత్మారాం. "ఆ ఎర్రదారంల ఏముంటదో గదన్న చెప్పు, మేమూ తెల్సుకుంటం."

తండ్రి చనిపోతూ కూడా పైకి చెప్పొద్దన్న పేరు. సిద్దిరాములు సవిత మొహం చూశాడు. "దూలగొండి" అన్నాడు.

సుమిత్రమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "దూలగొండి తినవెట్టిండా నా కోడలికి? నాకేం తెల్సు, మందని నమ్మి తాగిచ్చిన. గందుకే దాని గర్భం మాడిపోయింది."

ఆ మాట పట్టుకోవడానికి జనానికి తేలిగ్గా ఉంది. గింజను పాలలో ఉడికిస్తారని, పొట్టు తీస్తారని ఆయన చెప్పబోతే ఎవరూ వినలేదు. కాయ తగిలితేనే ఒళ్లు కాలుతుంది, కడుపులోకి పోతే ఇంకేముంటుంది అన్నారు. అప్పటిదాకా సవితకు పిల్లలు పుట్టలేదు, అంతే. ఆ పూటతో ఇక పుట్టరని తీర్మానమైంది. సాక్ష్యం సిద్దిరాములు నోటి మాటే. నరేష్ అక్కను బస్సెక్కించుకొని నిజామాబాద్ పోయాడు.

వేసవిలో శివకుమార్‌కు మళ్లీ పెళ్లయింది. ఏడాదిన్నర గడిచాక ఒక ఆదివారం సుమిత్రమ్మ అదే అరుగు ముందుకు వచ్చి అరచెయ్యి చాపింది.

"కొత్త కోడలికన్నా."

"నా మందు గర్భం మాడుస్తదని పదిమందిల అంటివి గదక్కా."

"అవుసరానికి వంద అంటరు. గవన్నీ మనసుల వెట్టుకుంటరా?"

"కొడుకును తోలుకరా. ఈ అరుగు మీద కూసోని, నా కండ్ల ముంగట తినాలె. కోడలికి తర్వాత."

"నువ్వు గాకపోతే ఇంకోడు" అని ఆమె చెయ్యి దులుపుకొని పోయింది.

ఆనాటి నుంచి సిద్దిరాములు అందరికీ అదే చెప్పాడు. మగవాడు ముందు రావాలి, అందరి ముందు తినాలి. వచ్చిన అత్తలు వచ్చినట్టే తిరిగిపోయారు. కొన్నాళ్లకు ఆదివారాలు అరుగు మీద కోళ్లు పడుకోవడం మొదలైంది. కంచె మీద కోయని దూలగొండి కాయలు ఎండి నూగు ఎగిరితే పక్కింటివాళ్లు తిట్టారు. ఆయన ఆ తీగను వేళ్లతో సహా పీకేశాడు.

ఆ ఏడు పసుపు అమ్మే బంధువు వెంట నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయినప్పుడు, వెతుక్కుంటూ నరేష్ ఇంటికి వెళ్లాడు. సవిత గడప లోపల చేట పెట్టుకొని బీడీలు చుడుతోంది. లేచి నీళ్లిచ్చి, మళ్లీ కూర్చుని తునికాకు కత్తిరించసాగింది.

"కొత్తామెకు గూడ రెండూ కలిపే ఇస్తుండ్రా బాపు?" అని అడిగింది.

"నేనియ్యలే బిడ్డా."

"నువ్వియ్యకుంటే ఇంకెవలన్న ఇస్తరు" అంది సవిత, కత్తెర ఆపకుండా. "పాపం, ఆమెకు గూడ కడుపుల తిప్పుతుండొచ్చు."