పట్టాల మీద రాగి పైరు

మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్. ముప్పై ఏళ్లు లైను బాగుచేస్తూ పట్టాల వెంట నడిచి, రిటైరయ్యాక బెంగళూరు బొమ్మనహళ్ళిలో మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇక లేవలేదు. ఒంట్లో బాగానే ఉంది, పనే లేదు. అట్లా బజారుకు పోయిరా నాయనా అంటే, "పోయి ఏం జేసేది మ్మా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. మనిషి అట్లా కూర్చునే అయిపోతాడేమోనని లోపల భయం కూడా వేసేది.

ఆ ఏడు దసరా బొమ్మల కొలువులో ఆయన పనిచేసిన కొండదారి లైనే పెట్టాలని పంతం పట్టాను. అది చూసి కుర్చీ దిగితే నాకంతే చాలు. చిక్కపేటలో బ్యాటరీ రైలు, గుండ్రంగా తిరిగే పట్టాలు దొరికాయి. బొమ్మరైలుకు కొండలు, కంకర ఏ అంగడిలో అమ్ముతారో ఎవరికీ తెలియదు.

గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్ నాది, చేతులు ఊరుకోవు. పనిముట్లు నేనే చేసుకున్నాను. అగ్గిపెట్టె లోపలి డబ్బా ఒక చివర కత్తిరించి, జల్లించిన ఇసుక నింపి పట్టాల నడుమ జరిపితే, అదే కంకర పోసే బండి. జిగురులో నీళ్లు కలిపి ఇంజెక్షన్ సిరంజితో చుక్కలు వేస్తే ఇసుక కదలకుండా అతుక్కునేది. రంగు కలిపిన రంపపు పొట్టు టీ వడకట్టే జల్లెడతో చల్లాను. మట్టితో చేసిన కొండకు రాళ్ల గీతలు మా ఆయన దువ్వెనతో గీశాను. ఆయనకు దానితో పెద్ద పని లేదు కాబట్టి అడగలేదు.

పచ్చికకు మాత్రం అందరూ కొలువులో చేసేదే చేశాను. మట్టి తడిపి రాగులు చల్లాను. నా చేయి కాస్త ధారాళం, పట్టాల అంచుదాకా చల్లేశాను.

మొదటిరోజు రైలు చక్కగా తిరిగింది. నాయన కుర్చీలోంచే చూసి, "బాగుండాది మ్మా" అని కిటికీ వైపు తిరిగాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆరోరోజుకు రాగి మొలకలు జానెడు కావడానికి తొందరపడుతున్నాయి. పేరంటానికొచ్చిన వాళ్ల ముందు రైలు సగం చుట్టు పోయి, పట్టాల మీదికి వాలిన గడ్డిలో చక్రాలు జారి పక్కకు ఒరిగింది. అందరూ ఒకటే నవ్వు. విత్తనం వేస్తే పెరుగుతుందని మరిచిన నా తెలివికి నేనూ నవ్వి గడ్డి పీకబోయాను.

"పెరకొద్దు!" అని వెనక కేక. కుర్చీ కిర్రుమంది. నాయన వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఇప్పుడుండాది చూడు మా లైను! వానాకాలం వస్తే మాకిదే గోల. అట్లా పీకితే వేరుతోబాటు కంకర లేస్తాది. ఇదేం కంకర మ్మా, గట్టిగా కొట్టనే లేదే? ఎవురు నేర్పిండేది నీకు?"

ఆయన నన్ను అంతసేపు తిట్టి ఎన్నాళ్లయిందో. నాకు భలే సంతోషమేసింది.

సగం బ్లేడును ఐస్‌క్రీం పుల్ల చీలికలో ఇరికించి దారం చుట్టాడు, అది కొడవలి. కంకర దట్టించడానికి సైకిల్ చక్రం పుల్ల కావాలని, చొక్కా తొడుక్కుని బజారులో సైకిల్ షాపుకు తానే పోయాడు. పుల్ల కొస సుత్తితో చదును చేసుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దున కాఫీ కన్నా ముందు లైను పని.

ఆఖరి రోజు ఇల్లంతా జనం. నేను రైలు స్విచ్చి మీద వేలు పెట్టాను. ఇంజిన్ ముందు ఎర్ర గుడ్డముక్క కట్టిన పంటిపుల్ల జెండాలా పాతి ఉంది.

"నేను చూసేదాకా బండి వదలొద్దు" అన్నాడు నాయన.

అందరం పసుపు కుంకుమలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాం. ఆయన మోకాళ్ల మీద లైనంతా ఒక చుట్టు తిరిగి, ఎర్రగుడ్డ పీకి జేబులో పెట్టుకుని, "ఇంక పోనీ" అన్నాడు. ఆయన కుర్చీలో ఎప్పుడొచ్చిందో పక్కింటావిడ కూర్చుని ఉంది. ఆయన చూడనే లేదు.