యూసుఫ్ భాయ్ చార్జింగ్ ఆపింది నేనే

మూడేళ్ళుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను ఎలక్ట్రిక్ కారు కిరాయికి నడుపుతాను. ఇల్లు పాతబస్తీలో, గౌలిపురాలో. తాతల నాడు బర్రెలు నడిచిన గల్లీ, కారు పట్టదు. ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకునేవాళ్ళకు మాకయ్యే ఖర్చులో సగం కూడా కాదు. మాలాంటివాళ్ళకు బయటి ఫాస్ట్ చార్జరే గతి, వాళ్ళు పెట్టిందే రేటు. అప్పట్లో మా వైపు ఉన్నది ఒక్కటే స్టేషన్. బండికి తగిలించే గన్‌లు మూడుంటే రెండు ఎప్పుడూ చెడిపోయే ఉండేవి.

ఆ మధ్యాహ్నం పనిచేస్తున్న ఆ ఒక్కటీ యూసుఫ్ భాయ్ బండికి ఉంది. మొఘల్‌పురా మనిషి. నాలాగే కిరాయి డ్రైవర్, నాకంటే పదేళ్ళు పెద్ద. లైన్లో నిలబడి నిలబడి పరిచయమైనవాడు. వచ్చి తన తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"తమ్మీ, జర బండి చూస్తుండు. మహబూబ్‌నగర్ దవాఖానల మా అమ్మకు సీరియస్ ఉన్నదట. నమాజ్ చేసుకొని వస్త. చార్జింగ్ సరిపోకుంటే నడిమిట్ల ఆగిపోత."

"ఫికర్ జెయ్యకు భాయ్. నేనున్న గద," అన్నాను.

ఆయన అటు మసీదుకు వెళ్ళగానే నాకు ఎయిర్‌పోర్టు బేరం వచ్చింది. నా బండిలో చార్జింగ్ ఎనిమిది శాతమే. అప్పటికే చార్జింగ్ లేక రెండు బేరాలు వదులుకున్నాను. మూడోది వదిలితే నా ఐడీ బ్లాక్ చేస్తామని బేరాలిచ్చే క్యాబ్ కంపెనీ మెసేజ్ పంపింది. భయపడ్డాను. భయమేనా? ఆయన బండిలో ముప్పై ఒకటి చూపిస్తుంటే, దారిలో ఎక్కడో పెట్టుకుంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను కదా, హైవే మీద పనిచేసే చార్జర్ దొరకడం ఎంత కష్టమో నాకు తెలియదా? తెలుసు. బాగా తెలుసు.

మిషన్ మీది ఎర్ర బటన్ నొక్కాను. ఆయన తాళంచెవితోనే ఆయన బండి తెరిచి గన్ తీశాను. బండి పక్కకు జరిపాను. నాదానికి పెట్టుకున్నాను.

యూసుఫ్ భాయ్ ఫోన్ చూసుకుంటూ ఉరుక్కుంటూ వచ్చాడు. "ఏమైంది తమ్మీ? ఆగిపోయిందని మెసేజ్ వచ్చింది."

"దానంతటదే ఆగింది భాయ్. మళ్ళ ఎంతకూ షురూ కాలే. నాదానికి పెట్టి చూసిన, నడుస్తున్నది."

నా ముఖంలోకి చూశాడు. అనుమానం లేదు. "ఈ మిషన్లు గిట్లనే సతాయిస్తయ్. నీది కానియ్. బేరం ఉంటది గద," అని పక్కనున్న మెట్టు మీద కూర్చున్నాడు.

అప్పుడైనా గన్ తీసి ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. అరగంట పైన ఆయన నా ఎదురుగా కూర్చుని, ఆస్పత్రిలో అమ్మ దగ్గరున్న చెల్లెలికి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. నేను అద్దాలెక్కించుకుని బండిలో కూర్చున్నాను. నాది అయ్యాకే మళ్ళీ ఆయన బండికి గన్ దక్కింది.

వారానికి మళ్ళీ కనిపించాడు. ఆయన చేరేసరికి అమ్మ పోయి పావుగంటైందట. "యూసుఫ్ ఆయా క్యా?" అంటూ, కొడుకు వచ్చాడా అని రెండుసార్లు అడిగిందట. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనే నా భుజం తట్టి, "మిషన్ ఖరాబైతే నువ్వేం జేస్తవ్ తమ్మీ," అన్నాడు.

కొన్నాళ్ళు ఆ స్టేషన్ మానేశాను. దూరంగా ఇంకోటి ఉంది. రేటు ఎక్కువ, ఖాళీ బండితో పోయి రావడానికే చార్జింగ్ కరిగిపోయేది. మళ్ళీ ఇక్కడికే వచ్చిపడ్డాను. ఆయనా ఇక్కడికే వస్తాడు. ఇంకెక్కడికి పోతాడు? చాయ్ తెచ్చిస్తాడు. గన్ తగిలించి ఉన్నంతసేపు బండి కదలదు, నేనూ కదలలేను. ఎన్నోసార్లు "భాయ్" అని మొదలుపెట్టాను.

"ఏంది తమ్మీ?"

"ఏం లేదు భాయ్."

చెబితే ఆయన దుఃఖం మళ్ళీ రేగుతుందని ఆగుతున్నానా? అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి ఆయన నన్ను చూసే ఆ చూపు పోతుందని నా భయం. నిన్న నా తొందర చూసి తన వంతు నాకిచ్చాడు. తీసుకున్నాను. అవును, తీసుకున్నాను.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మాటివ్వలేను. మీరు క్షమించాలనీ అడగను. ఆ రోజు మిషన్ చెడిపోలేదు, నేనే ఆపాను. మూడేళ్ళలో ఈ వాక్యాన్ని చివరిదాకా అనడం ఇదే మొదటిసారి.