పరుగెత్తే బటన్ లేని ఆట

ఖమ్మంలో పద్దెనిమిది వేలు చెప్పిన వీడియో గేమ్ మిషన్‌ను పదకొండు వేల రెండు వందలకు పట్టుకొచ్చాను. సెకండ్ హ్యాండ్‌దే, కానీ కొత్తదానిలా ఉంది. కవరు, ఛార్జరు, అందులో అప్పటికే ఎక్కించి ఉన్న ఆట ఒకటి ఉచితం. దుకాణంవాడు చివరికి చేతులు జోడించి, "అన్నా, నువ్వు ఇంకో పది నిమిషాలుంటే నా బోర్డు కూడ ఊడబీక్కపోతవ్. తీస్కపో" అన్నాడు. మా వంశంలో ఇంతకు మించిన పొగడ్త లేదు. ఆ ఉచితం ఆటలో ఏముందో కూడా చూడకుండా, ఐదో నెల కడుపుతో మంచం దిగకుండా ఉన్న నా భార్య చేతిలో పెట్టాను. అంత తెలివైన పని పాల్వంచలో ఇంకెవరూ చేసి ఉండరు.

కింద స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు, ఇదీ మా సంసారం. మా నాన్నది కిరాణం, పెదనాన్నది బట్టలు, మేనమామది ఎరువులు. మిర్చి బస్తా కొనేటప్పుడు పైన మెరిసే కాయలు చూడొద్దనీ, నడుమ చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూడాలనీ నాకు అక్షరాలకన్నా ముందు నేర్పారు. నా భార్య ములకలపల్లి వైపు అడవి ఊళ్లలో టీకాలు వేసే నర్సు. బండి పోని చోటికి టీకాల డబ్బా భుజాన వేసుకుని నడిచి పోతుంది. అప్పటికి మంచం మీద ఉంది గనక, పోయేది అనాలి.

రెండేళ్ల కిందట ఇరవై నాలుగో వారంలో మా బిడ్డ పోయింది. ఈసారి డాక్టరమ్మ నాలుగో నెల రాకముందే గర్భసంచి మూతికి కుట్టు వేసి, "బాత్రూంకు తప్ప మంచం దిగొద్దు. మనసు కష్టపెట్టొద్దు" అంది. మొదటిది ఆమెకు, రెండోది నాకు చెప్పిందని పంచుకున్నాను.

మధిర నుంచి అత్త వచ్చింది. రాగానే ఒక కట్టుబాటు పెట్టింది: బిడ్డ కోసం ముందుగా ఏమీ కొనకూడదు, టోపీ కూడా. పోయినసారి అన్నీ కొన్నాం. ఆ మాట ఇంట్లో ఎవరం పైకి అనలేదు. ఏమీ కొనొద్దంటే దుకాణదారుడి చేతికి దురద మొదలవుతుంది. గిన్నెల సరుకు కోసం ఖమ్మం వెళ్లినవాణ్ని, బిడ్డకు కొనకూడదు గనక బిడ్డ తల్లికి కొన్నాను. కార్ల పందెమో మరొకటో ఉంటుందిలే అనుకున్నాను.

పందెం కాదు. ఏ దేశమో తెలియని ఒక కొండ ఊరు. ఆనకట్ట కట్టారు, నీళ్లు రాబోతున్నాయి, జనం ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. ఆడేవాళ్లే ఆ ఊరి పోస్టమ్మ. సంచీలో మిగిలిన ఉత్తరాలు తీసుకుని తొమ్మిది ఇళ్లు తిరగాలి. తలుపు తీసి లోపలికి పోయి, వాళ్లు వదిలేసిన కుర్చీ, అద్దం, చిత్తు కాగితం ముట్టుకుంటే ఆ ఇంటి సంగతి కొంచెం కొంచెంగా తెలుస్తుంది. ఉత్తరం బల్ల మీద పెట్టి మళ్లీ నడక. ఆ పోస్టమ్మ నడక ఎంత నిదానమంటే, మొదటిరోజు పరుగెత్తే బటన్ ఏదని ఉన్నవన్నీ నొక్కి చూశాను. లేదు.

"పాయింట్లేవి? పైసలేవి? గెలిస్తే ఏమిస్తరు?" అన్నాను.

"ఏమియ్యరు."

"మరెందుకాడుతున్నవే?"

"గూడేలకు పోతే నాకేమిస్తరు? మంచినీళ్లిస్తరు. కూసోమంటరు. ఇది గూడ గంతే," అంది నా భార్య, కళ్లు తెర మీదే ఉంచి. "జర ఊకో సేటూ, వానొస్తుంది, విననియ్."

నిజంగానే ఆటలో వాన పడుతోంది. ఆమె పోస్టమ్మను ఒక అరుగు మీద కూర్చోబెట్టి ఊరికే వాన చూసింది. పావుగంట. నాకు కాళ్లు లాగాయి. ఆమెకు మాత్రం, వారాల తరబడి కదలని ఆ కాళ్లకు, ఏదో తేలికైనట్టుంది. ఫ్యాను వంక చూస్తూ రోజులు లెక్కపెట్టడం మానేసింది. సాయంత్రం అడిగి మరీ టీ తాగింది. వారం తిరిగేసరికి అత్త కూడా మంచం పక్కన కుర్చీ వేసుకుంది. నా భార్య ఇంగ్లీషు ఉత్తరాలు తెలుగులో చెబుతుంటే విని, "ఆ ముసలాయన పెట్టె తియ్యకుండా వచ్చేశావేంటే? వెనక్కెళ్లు, వెనక్కెళ్లు" అని తరిమేది.

ఇల్లు అంత నెమ్మదిగా ఉంటే నాలాంటివాడు ఓర్వగలడా? ఆరో ఇంటికి వచ్చేసరికి నాకు గుబులు పుట్టింది. ఉచితంగా వచ్చిన సరుకు, నడుమ చెయ్యి పెట్టి చూడలేదు. ఒక మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఆ ఆటను పూర్తిగా ఆడి చూపించిన వీడియో ఒకటి ఫోన్లో పెట్టుకుని, నేరుగా ఆఖరికి జరిపాను.

తొమ్మిదో ఇంట్లో చిన్న గది. చిన్న మంచం. గోడకు పిల్లవాడి ఎత్తు కొలిచిన గీతలు, మూడో గీత తర్వాత గోడ ఖాళీ. పిల్లవాడు వాగులో పోయాడు. సంచీలో అన్నిటికన్నా మందంగా ఉన్న ఉత్తరాల కట్ట, ఆ తల్లి తన ఇంటి చిరునామాకే, కొడుకు పేరున వేసుకున్నది.

ఎదురుగా ఒకావిడ కుక్కర్ పట్టుకుని రేటు అడుగుతోంది. ఎంత చెప్పానో గుర్తులేదు. ఆమె బేరం ఆడకుండా కొనుక్కుపోయింది కాబట్టి చాలా తక్కువే చెప్పి ఉంటాను.

అప్పటికి ఇరవై రెండో వారం. ఇళ్లు మూడు మిగిలాయి. ఆమె లెక్కన ఇంటికి నాలుగు రోజులు. రెండు లెక్కలూ కలిపి చూస్తే, బిడ్డ పోయిన వారం దగ్గరపడే వేళకు ఆమె ఆ గదిలో అడుగు పెడుతుంది. మనసు కష్టపెట్టొద్దన్న మాట నా వాటాది. ఫోన్ మోగితే చాలు, పైనుంచి అత్తేమోనని గిరాకీని వదిలేసి చూసేవాణ్ని.

ఛార్జరు తీసి గోదాంలో ఐదు కిలోల బిర్యానీ గిన్నెలో దాచాను. "కాలిపోయింది. ఖమ్మం నుంచి తెప్పియ్యాలె" అన్నాను. మర్నాడు, ఆ మోడల్ దొరకట్లేదన్నాను. మూడోనాడు హైదరాబాదు నుంచి వస్తోందన్నాను. గిరాకీతో ఇరవై ఏళ్లుగా చెప్పే అబద్ధాలే, ఇంట్లో చెబుతుంటే నాలుక మందమైంది.

ఆమె ఆట పక్కన పెట్టేసింది. మళ్లీ ఫ్యాను వంక చూడసాగింది. "ఇరవై మూడు వారాల రెండు రోజులు," అంది ఒక పొద్దున, ఎవరితోనో అన్నట్టు. బీపీ చూసుకుంటే ఎక్కువే ఉంది. ఆట ఇస్తే ఒక భయం, ఇవ్వకపోతే ఒక భయం. రెంటికీ నడుమ మెట్ల మీద నిలబడి ఎక్కలేక దిగలేక ఒక పూటంతా గడిపాను. ఛార్జరు మాత్రం గిన్నెలోనే ఉంది.

రెండు రోజులకు మధ్యాహ్నం ఫోన్ మోగింది. అత్తే.

"అల్లుడుగారూ, అమ్మాయి ఏడుస్తోంది. ఒకసారి రండి."

షట్టర్ దించలేదు, గల్లాపెట్టె మూయలేదు. పైకెళ్లేసరికి ఆమె దిండుకు ఆనుకుని ఉంది. చేతిలో ఆట వెలుగుతోంది. తెర మీద చిన్న మంచం.

"నొప్పులొస్తున్నయా? కారు పిలువనా?"

"నొప్పుల్లేవ్. గిట్ల కూసో."

"ఛార్జరు ఎక్కడిది?"

"నేనే కొన్నానండి, పక్క ఫోన్ల కొట్లో," అంది అత్త. "పదకొండొందలన్నాడు. ఇచ్చేశాను."

ఆ పరిస్థితిలోనూ నేను మనసులో బేరం ఆడాను. ఆరువందల సరుకు అది. తర్వాత నోరు తెరిచి నిజం చెప్పాను: "నేను దీని ఆఖరు ముందే చూసిన. ఫోన్ల. నువ్వు చూడొద్దనే..."

"ఎరికే," అంది నా భార్య. "కాలిందన్నప్పుడే ఎరికైంది. కాలిన సామాను నువ్వు ఇంట్ల ఉంచుకునేటోనివా? పోయి కొట్లాడి పైసలు వాపస్ తెస్తవ్." కొంచెం ఆగింది. "ఊయలకు తెచ్చినట్టు."

అత్త కిటికీ దగ్గరికి పోయింది.

"నేనింకా దవాఖానాల్నే ఉన్న. నువ్వు ఊయల వాపస్ ఇచ్చొచ్చి, నాకు ఇడ్లీ తినిపిచ్చుకుంట చెప్పినవ్, రెండొందలే తగ్గిచ్చిండ్రని. ఇంటికొస్తే గది ఖాళీ. బట్టల్లేవ్, ఏం లేవ్. ఆ గదిల నిలబడితే చాలు, రా, రా, పండుకో అని చెయ్యి పట్టి గుంజుకొచ్చిండ్రు."

"నువ్వు చూసి బాధపడతవని..."

"నాకు చూడాలనుండె."

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఈ ఆఖరి ఇంటి సంగతి నాకు మూడో ఇంట్లనే ఎరికైంది," అంది. "ఆ మందం కట్ట మీద పంపినోళ్లది, అందాల్సినోళ్లది ఒక్కటే ఇల్లు. ఎరికుండే, నడుమ ఇళ్లల్ల ఉత్తరాలు పెట్టేసి సీదా వచ్చిన. ఇక్కడ ఎవ్వరు జల్దీ చెయ్యమనరు. నేను తలుపు ఏసి బయటికి పొయ్యేదాంక నీళ్లు గూడ ఆగుతయి."

ఆట నా చేతికిచ్చింది. ఒక్కో ఉత్తరం తీసి చిన్న మంచం మీద పెట్టాలి. నా ఇంగ్లీషు నత్తనడక. తడుముకుంటూ చదివితే ఆమె సరిచేసింది. నాలుగో ఉత్తరంలో ఆ తల్లి కొడుకు జుట్టు గురించి రాసింది. అత్త కిటికీ దగ్గర నుంచే అంది:

"మన పిల్లకీ జుట్టు బాగా ఉంది. ఒత్తుగా."

ఇద్దరం తలెత్తాం. బిడ్డను నా భార్యకు చూపించలేదు. నేను చూడనన్నాను. ఆ రోజు బట్టలో చుట్టి తీసుకుంది అత్త ఒక్కతే.

"నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"అడగలేదుగా నువ్వు. అడుగుతావేమోనని నేనూ భయపడ్డాను." అత్త వచ్చి మంచం అంచున కూర్చుంది. "ముక్కు నీది. చేతివేళ్లు మాత్రం అల్లుడిగారివి, పొడుగ్గా."

ఆ మధ్యాహ్నం ఆ గదిలో ఎంతసేపు ఉన్నామో తెలియదు. ఎవరు ఎవర్నీ లెమ్మనలేదు. ఆమె ఏడుస్తున్నంతసేపూ నేను ఆమె పొట్ట మీద చెయ్యి ఉంచి, నొప్పి వస్తుందేమో, ఇప్పుడేమో అని బిగబట్టుకుని కూర్చున్నాను. రాలేదు. ఆ రాత్రి బీపీ తగ్గింది. ఇరవై నాలుగో వారం భయపడుతూనే దాటాం. ఆ తర్వాతి వారాలూ అంతే.

ముప్పై ఏడో వారంలో భద్రాచలం దవాఖానాలో పాప పుట్టింది. రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఆట వల్ల అని నేను అనను. కుట్టు వేసిన చెయ్యి డాక్టరమ్మది, నెలల తరబడి మంచం మీద ఓర్చుకున్న ఒళ్లు నా భార్యది. ఆట వల్ల మా ఇంట్లో జరిగింది వేరే. రెండేళ్లు మూసి ఉన్న గదిలో మేం ముగ్గురం కలిసి నిలబడ్డాం.

ఇక బిల్లు. మిషన్ పదకొండు వేల రెండు వందలు. అత్త కొన్న ఛార్జరు పదకొండు వందలు, దాన్ని ఆరువందలకు సరిచేసి రాయను. షట్టర్ తెరిచి వదిలేసిన మధ్యాహ్నం మాయమైన నాలుగు గ్లాసులు రెండు వందల నలభై. ఊయల మీద వాపస్ వచ్చిన మూడు వేల మూడు వందలు ఇన్నాళ్లూ రాబడి అనుకున్నాను. అది ఖర్చు. మొత్తం పదిహేను వేల ఎనిమిది వందల నలభై. ఇందులో రూపాయి తగ్గించమని ఎవరినీ అడగను.